ఫొటో వెనకవైపు

నాన్న షష్టిపూర్తికి ఒక ఆల్బం చేయిద్దామనుకున్నాం. "పాత ఫొటోలు ఎవరి దగ్గరున్నా పంపండి" అని ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. సాయంత్రానికల్లా ఒకే ఫొటోకి ఆరు కాపీలు పోగయ్యాయి. దివిసీమలో అవనిగడ్డ పక్కన మా ఊరు. పెంకుటింటి వసారాలో కుర్చీ మీద తాతయ్య, పక్కన నాన్నమ్మ, స్తంభానికి ఆనుకుని నిక్కరులో మా నాన్న, వెనకాల పెద్దత్త, ఆవిడ చంకలో ఓ పసిపిల్ల.

ఆల్బంలో ఫొటో కింద సంవత్సరం వేయాలి కదా. "ఇది ఎప్పటిది?" అని అడిగాను. "1970. నాకు బాగా గుర్తు, నేనప్పుడు బందరులో చదువుకుంటున్నా" అన్నారు పెదనాన్న. నా ఫోన్లో ఉన్న కాపీ పేరులో 2019 ఏప్రిల్ 12 అని ఉంది. అక్క లాప్‌టాప్‌లో అదే ఫొటో 2021 అంటోంది. అన్నయ్య పెన్‌డ్రైవు 2016 అంటోంది. ఇంకో కాపీలో పసిపిల్ల లేనే లేదు, ఎవరో కత్తిరించేశారు. మరొకటి రంగుల్లో ఉంది. అందులో నాన్నమ్మ గులాబీ రంగు చీర కట్టుకుంది.

రాత్రి విజయవాడ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. మా తాతయ్య తమ్ముడి మనవడు వాడు.

"అన్నయ్యా, ఆ ఫొటో స్కాన్ చేసింది నేనే. 2009లో. అందరికీ మెయిల్ పెట్టాను కూడా."

"అసలు ఫొటో మీద ఏమైనా రాసుందా?"

"వెనకాల నీలం సిరాతో ఏదో రాసుంది. నేను ముందు వైపే స్కాన్ చేశా."

"మరి ఆ ఫొటో ఏది?"

"ఇల్లు మారినప్పుడు పాత పేపర్లతో పాటు వెళ్లిపోయింది అన్నయ్యా."

అంతే. ఆరు కాపీలు మిగిలాయి. ఆరింటికీ ముఖం ఉంది, వీపు లేదు.

ఈ అధ్యాయమంతా ఆ వీపు గురించే. ఫైళ్లు దాచుకోవడం మనకి బాగానే వచ్చు. ఫోన్ నిండిపోయేదాకా దాచుకుంటాం. దాచుకోనిది ఒక్కటే: ఆ ఫైలు ఎక్కడ పుట్టింది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది, దారిలో ఏం మారింది అన్నది. అది రాయడానికి ఫైలు చేతికొచ్చిన రోజు ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం దాటితే తర్వాత నెల రోజులు వెతికినా ఊహే మిగులుతుంది.

ప్లాటుకి అడుగుతాం, ఫైలుకి అడగం

రెండొందల గజాల ప్లాటు కొనేటప్పుడు మనం ఎంత జాగ్రత్తగా ఉంటాం! ఈసీ తీయిస్తాం. లింకు డాక్యుమెంట్లు అడుగుతాం. ఇప్పుడు అమ్ముతున్నాయన ఎవరి దగ్గర కొన్నాడు, ఆయనకి ఎలా వచ్చింది, మధ్యలో ఎక్కడైనా తాకట్టు ఉందా అని వెనక్కి వెనక్కి వెళ్లి చూస్తాం. లింకులో ఒక్క కాగితం తగ్గినా బేరం ఆగిపోతుంది. స్థలం కళ్లెదుట కనిపిస్తున్నా సరే, దాని చరిత్ర కనిపించనిదే డబ్బు కట్టం.

మన కవులకీ ఈ స్పృహ ఉంది. కావ్యంలో ప్రతి ఆశ్వాసం చివరా గద్య ఉంటుంది. కవి ఎవరు, తండ్రి ఎవరు, ఇది ఏ గ్రంథం, ఎన్నో ఆశ్వాసం అన్నది అందులో ఉంటుంది. తాటాకు కట్ట విడిపోయి ఒక్క ఆశ్వాసమే ఎక్కడో దొరికినా అది ఎవరిదో తెలిసిపోతుంది. ఆంధ్ర మహాభాగవతం మొత్తాన్నీ పోతన భాగవతం అనే అంటాం. కానీ పంచమ స్కంధం గంగనది, షష్ఠ స్కంధం సింగనది, చివరి రెండు స్కంధాలు వెలిగందల నారాయణవి. ఎవరి వంతు ఎంతో స్కంధాంత గద్యలే పట్టిస్తాయి. ఈనాటి భాషలో చెప్పాలంటే గద్య అనేది ఫైలులోపలే కూర్చున్న మెటాడేటా. అంటే సమాచారం గురించిన సమాచారం.

ఇంత పాత అలవాటుని ఫోన్లు వచ్చాక మనం వదిలేశాం. మళ్లీ తెచ్చుకోవాలి. ముందు, ఫైలు తన గురించి తాను చెప్పే మాటల్లో ఏది నమ్మాలో, ఏది నమ్మకూడదో చూద్దాం.

బడి పంతులు వేసిన పుట్టినతేదీ

మన పెద్దవాళ్లలో చాలామందికి రెండు పుట్టినరోజులు. ఒకటి అసలుది. ఇంకోటి బడిలో చేర్చినప్పుడు పంతులుగారు వయసు లెక్క సరిపోయేలా వేసింది. పింఛను, పాస్‌పోర్టు అన్నీ రెండోదాని మీదే నడుస్తాయి. అది తప్పుడు తేదీ అనలేం, బడిలో చేరడానికి వేసిన తేదీ. దాన్ని పుట్టినతేదీ అనుకోవడమే తప్పు.

ఫైలుకీ ఇలాంటి తేదీలు మూడు నాలుగు ఉంటాయి. కంప్యూటర్లో ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్లండి. "క్రియేటెడ్" అనే తేదీ కనిపిస్తుంది. అది ఫైలు పుట్టిన తేదీ అనిపిస్తుంది. కానీ చాలాసార్లు ఆ ఫైలు ఆ కంప్యూటర్లోకో, ఆ పెన్‌డ్రైవులోకో వచ్చిన తేదీ మాత్రమే. "మోడిఫైడ్" అంటే లోపల ఉన్నది చివరిసారి మారిన తేదీ. విండోస్‌లో ఫైలుని కాపీ చేస్తే క్రియేటెడ్ కొత్తగా పడుతుంది, మోడిఫైడ్ పాతదే ఉంటుంది. మా అన్నయ్య పెన్‌డ్రైవులో జరిగింది ఇదే. పుట్టింది 2016లో అని, చివరిసారి మారింది 2009లో అని చూపించింది. పుట్టకముందే పెరిగిన బిడ్డ! ఇలాంటి వింత కనబడితే కంగారుపడకండి. అది కాపీ అని ఫైలే ఒప్పుకుంటోంది. రెండింట్లో పాత తేదీని పట్టుకోండి.

మూడోది కెమెరా వేసే తేదీ. ఫొటో తీసిన క్షణమే కెమెరా ఫైలులోపల ఒక చిన్న చీటీ రాసి పెడుతుంది. దాన్ని ఎగ్జిఫ్ అంటారు. 1995లో జపాన్ ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘం తెచ్చిన పద్ధతి ఇది. ఏ కంపెనీ కెమెరా, ఏ మోడల్, ఏ రోజు ఎన్ని గంటలకి తీశారు, లొకేషన్ ఆన్ చేసి ఉంటే ఏ అక్షాంశం, ఏ రేఖాంశం, అన్నీ అందులో ఉంటాయి. విండోస్‌లో ప్రాపర్టీస్‌లోనే ఉండే "డీటెయిల్స్"లో చూడొచ్చు. ఫోన్లో అయితే గ్యాలరీలో ఫొటో తెరిచి పైకి జరిపితే చాలావాటిలో కనిపిస్తుంది. ఇంకా లోతుగా చూడాలనుకునేవాళ్లకి ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది.

ఇది అన్నిటికంటే నమ్మదగిన తేదీ. అయినా కళ్లు మూసుకుని నమ్మకూడదు. దానికి మూడు కారణాలు.

కెమెరా గడియారం తప్పయితే చీటీ కూడా తప్పే. పాత డిజిటల్ కెమెరాల్లో బ్యాటరీ పూర్తిగా అయిపోతే తేదీ మొదటికి వెళ్లిపోయేది. పెళ్లి ఫొటోలన్నీ ఏదో ఒక జనవరి 1న తీసినట్టు కనిపిస్తే అనుమానించాల్సింది పెళ్లిని కాదు, బ్యాటరీని.

రెండోది గంటల తేడా. 2016 దాకా ఎగ్జిఫ్‌లో ఏ దేశం టైమో రాసే గడే లేదు. అమెరికాలో శనివారం రాత్రి తీసిన బారసాల ఫొటో మనకి ఆదివారం ఉదయం. డాలస్ కెమెరాలవీ, గుంటూరు కెమెరాలవీ ఒకే ఫోల్డర్లో కలిపేస్తే, హారతి ఇచ్చాక పిల్లని ఉయ్యాల్లో వేసినట్టు వరస తారుమారవుతుంది.

మూడోది స్కాన్. స్కానర్‌కి తాతయ్య తెలియదు. అది చూసింది ఒక కాగితాన్ని. కాబట్టి అది వేస్తే గిస్తే స్కాన్ చేసిన రోజు తేదీనే వేస్తుంది. మా ఫొటోలో 2009 అలా వచ్చిందే.

వాట్సాప్ చీటీ చింపేస్తుంది

వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే రెండు పనులు జరుగుతాయి. పరిమాణం తగ్గుతుంది. లోపలి ఎగ్జిఫ్ చీటీ పోతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లో అది సేవ్ అయినప్పుడు పేరులో ఎనిమిది అంకెల తేదీ, దాని తర్వాత డబ్ల్యూఏ అనే అక్షరాలు, వరస సంఖ్య పడతాయి. ఆ తేదీ వాట్సాప్‌లో నడిచిన తేదీ, ఫొటో తీసిన తేదీ కాదు. నా ఫోన్లోని 2019 ఏప్రిల్ 12కి అర్థం ఇంతే: ఆ రోజు ఎవరో గ్రూపులో పెట్టారు.

అందుకని ఇంట్లో అందరికీ ఒక్క అలవాటు నేర్పండి. దాచుకోదగ్గ ఫొటో అయితే వాట్సాప్‌లో గ్యాలరీ గుర్తు నొక్కి కాకుండా "డాక్యుమెంట్" గుర్తు నొక్కి పంపాలి. అప్పుడు ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది, చీటీతో సహా. ఆ ఆరుగురినీ మళ్లీ డాక్యుమెంటుగా పంపమని అడిగాను. "మళ్లీ ఎందుకురా, ఇందాకే పంపాంగా" అని పెదనాన్న విసుక్కున్నారు. పంపారు కూడా.

ఫైలు వేలిముద్ర

ఇప్పుడు ఆరు ఫైళ్లున్నాయి. పేర్లు వేరు, తేదీలు వేరు. ఇందులో ఏవి ఒకటే? కంటితో పోల్చి లాభం లేదు. దీనికి హాష్ అనే లెక్క ఉంది. ఫైలులో ఉన్న ప్రతి బిట్‌నీ ఒక సూత్రంలో వేసి తిప్పితే చివరికి ఒక సంకేతం వస్తుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే షా-256 సూత్రంలో అది 64 అక్షరాల పొడవుంటుంది. వీలునామాలో ఒక్క కామా తీసేసినా ఆ 64 అక్షరాలూ పోలిక లేనంతగా మారిపోతాయి. ఫైలు పేరు మార్చినా, ఇంకో కంప్యూటర్లోకి కాపీ చేసినా మాత్రం మారవు. మనిషి చొక్కా మార్చినా వేలిముద్ర మారనట్టు.

విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి "గెట్-ఫైల్‌హాష్" ఆదేశం ఇచ్చి పక్కన ఫైలు పేరు రాస్తే షా-256 సంకేతం వచ్చేస్తుంది. మ్యాక్‌లో "షాసమ్" ఉంది, 256 అని చెప్పి అడగాలి. కుర్రాళ్లెవరైనా రెండు నిమిషాల్లో చూపిస్తారు.

మా ఆరు ఫైళ్లకీ తీశాను. తమ్ముడి 2009 మెయిల్లోని ఫైలుకీ, అన్నయ్య పెన్‌డ్రైవులోని "తాత ఫొటో కొత్తది" అనే ఫైలుకీ 64 అక్షరాలూ ఒకటే. "కొత్తది" అని పేరున్నది నిజానికి అన్నిటికంటే పాతది! మిగతా నాలుగూ వేటికవే. అంటే మూలం ఒకటి, దాని అచ్చమైన నకలు ఒకటి, దారిలో మారిపోయినవి నాలుగు. ఆరుగురి గొడవ అరగంటలో తేలిపోయింది.

ఈ వేలిముద్రకి ఇప్పుడు చట్టంలోనూ చోటుంది. 1872 నాటి సాక్ష్య చట్టం స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం అమల్లోకి వచ్చింది. అందులోని 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ఇవ్వాల్సిన ధ్రువపత్రం నమూనా చట్టం చివరనే ఉంది. ఫైలు హాష్ విలువ, అది ఏ సూత్రంతో తీశారన్నది అందులో రాయాలి. కాబట్టి అద్దె గొడవో, అప్పు గొడవో కోర్టుదాకా వెళ్లేలా ఉంటే స్క్రీన్‌షాట్ తీసుకుని అసలు మెసేజ్ చెరిపేయకండి. అసలు ఫోను, అసలు ఫైలు అలాగే ఉంచి వకీలుని కలవండి.

ఒక హెచ్చరిక. హాష్ రెండు ఫైళ్లు ఒకటేనా అన్నది చెబుతుంది. ఫైల్లో ఉన్నది నిజమా అన్నది చెప్పదు. అబద్ధానికీ వేలిముద్ర ఉంటుంది. ఇంకొకటి, పాత సూత్రాలు నమ్మకండి. షా-1 అనే సూత్రంలో రెండు వేర్వేరు పీడీఎఫ్‌లకి ఒకే సంకేతం వచ్చేలా చేయొచ్చని 2017లో గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధకులు చేసి చూపించారు.

ఒక్క సాక్షి చాలదు

ఫైలు చుట్టూ ఉన్న చీటీలన్నీ చూశాక ఇక చూడాల్సింది ఫైలు లోపల ఉన్న విషయాన్ని.

పనామా పత్రాల కేసులో పాకిస్తాన్ మాజీ ప్రధాని నవాజ్ షరీఫ్ కుటుంబం తరఫున దాఖలైన ఒక పత్రం మీద 2006 ఫిబ్రవరి తేదీ ఉంది. దాన్ని టైపు చేసింది కాలిబ్రి ఫాంటులో. మైక్రోసాఫ్ట్ ఆ ఫాంటుని విండోస్ విస్టా, ఆఫీస్ 2007లతో మార్కెట్లోకి తెచ్చింది 2007 జనవరి చివర్లో. తేదీకి దాదాపు ఏడాది తర్వాత వచ్చిన అక్షరాలు ఆ కాగితం మీదకి ఎలా వచ్చాయని 2017లో దర్యాప్తు బృందం నిలదీసింది. అంతకు ముందే ప్రయోగాత్మక రూపంలో ఆ ఫాంటు కొందరికి అందుబాటులో ఉందని అవతలి పక్షం వాదించింది. ఆ కేసులో షరీఫ్ కూతురికీ అల్లుడికీ వేసిన శిక్షల్ని 2022లో, షరీఫ్ శిక్షని 2023లో ఇస్లామాబాద్ హైకోర్టు కొట్టేసింది. ఇందులో మనం నేర్చుకోవాల్సినవి రెండు. అక్షరాల ఆకారం కూడా తేదీ చెబుతుంది. ఆ ఒక్కటే పట్టుకుని తీర్పు చెప్పకూడదు. రెండో సాక్షి కావాలి.

మా ఫొటోకి రెండో సాక్షి పెద్దత్త. ముందు వైపు ఫొటోనే పెద్దది చేసి చూపించాను. కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసింది.

"ఒరేయ్ నాన్నా, ఆ వసారా చూడు. ఉప్పెనకి పడిపోయింది ఆ వసారానే. తర్వాత రేకులు వేశారు గానీ మళ్లీ పెంకులు ఎక్కడ వేశారు?"

దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. కాబట్టి ఫొటో దానికి ముందుది.

"మరి నీ చంకలో ఉన్నదెవరత్తా?"

"మీ చిన్నత్తేరా! ఇంకా పుట్టువెంట్రుకలు తియ్యలేదు చూడు."

చిన్నత్తకి బడి తేదీ ఒకటి ఉంది. దాన్ని పక్కన పెట్టి జాతకం తీయించాను. ఆనంద నామ సంవత్సరం శ్రావణం. అంటే 1974. ఫొటో ఆ శ్రావణం తర్వాతది, ఉప్పెనకి ముందుది. చంకలో పిల్లకి ఏడాది అటూ ఇటూ ఉంటుంది కాబట్టి 1975 ప్రాంతం. పెదనాన్న చెప్పిన 1970 కుదరదు. ఆయనకి గుర్తున్నది వేరే ఫొటో అయ్యుంటుంది.

ఇప్పుడు ఆ కత్తిరించిన కాపీ సంగతి ఆలోచించండి. అందంగా ఉంటుందని ఎవరో అంచు కత్తిరించారు. ఆ అంచులోనే పసిపిల్ల ఉంది. తేదీ చెప్పే సాక్షి ఆ పిల్లే. మనకి ఆ ఒక్క కాపీయే మిగిలి ఉంటే ఈ లెక్క తేలేదే కాదు.

ఇక ఆ రంగుల కాపీ. ఎవరో ఏఐ యాప్‌లో వేసి రంగులు అద్దించారు. ఆ యాప్ గులాబీ రంగు ఊహించింది. గ్రూపులో అప్పుడే "నాన్నమ్మకి గులాబీ రంగంటే ఇష్టం" అని మొదలైపోయింది. ఆ చీర జరీ అంచు తెల్ల చీర అంది పెద్దత్త. చరిత్ర రాయకపోతే ఖాళీ ఖాళీగా ఉండదు. ఊహ వచ్చి అందులో కూర్చుంటుంది, పదేళ్లకి అదే నిజమవుతుంది.

బయటి నుంచి వచ్చిన ఫైలు

ఇంటి ఫైలుకి పెద్దత్త ఉంది. ఊరూ పేరూ లేని ఫార్వర్డ్‌కి ఎవరున్నారు? మూడు తలుపులు తట్టండి.

మొదటిది వాట్సాప్ గుర్తు. 2018 నుంచి ఫార్వర్డ్ చేసిన మెసేజ్ మీద ఆ మాట కనిపిస్తోంది. రెండు బాణాలుంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. అలాంటిది పంపినవారికీ మూలం తెలియదు. వాళ్లని నిందించి లాభం లేదు.

రెండోది బొమ్మతో వెతకడం. గూగుల్ లెన్స్‌లోనో, టిన్‌ఐలోనో ఆ ఫొటో వేస్తే అది ఇంతకు ముందు ఎక్కడెక్కడ వచ్చిందో చూపిస్తాయి. నిన్నటి వరద అని వచ్చిన ఫొటో అయిదేళ్ల కిందటి వార్తలో కనిపిస్తే పని అక్కడితో అయిపోయినట్టే.

మూడోది వేబ్యాక్ మెషీన్. 1996లో మొదలైన ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ వెబ్ పేజీల పాత రూపాల్ని దాచి, 2001 నుంచి అందరికీ చూపిస్తోంది. ఒక పేజీ అప్పుడు ఏమంది, ఇప్పుడు ఏమంటోంది అని పక్కపక్కన పెట్టి చూడొచ్చు. తెలుగు వికీపీడియాలో కూడా ప్రతి వ్యాసానికీ చరిత్ర పేజీ ఉంది. ఎవరు ఎప్పుడు ఏ అక్షరం మార్చారో అందులో ఉంటుంది. వ్యాసం చదివేవాళ్లు చాలామంది, చరిత్ర పేజీ తెరిచేవాళ్లు కొద్దిమంది. ఈసారి తెరిచి చూడండి.

కెమెరాలోనే లింకు డాక్యుమెంటు మొదలయ్యే రోజులూ వస్తున్నాయి. అడోబీ, మైక్రోసాఫ్ట్, బీబీసీ లాంటి సంస్థలు కలిసి 2021లో సీ2పీఏ అనే కూటమి పెట్టాయి. ఫొటో ఎక్కడ పుట్టింది, దాన్ని ఎవరు ఏ సాఫ్ట్‌వేర్‌తో మార్చారు అన్నది ఫైలుకి సీలు వేసినట్టు జతచేసే పద్ధతి వాళ్లది. 2023లో వచ్చిన లైకా ఎం11-పీ కెమెరా దీన్ని లోపలే పెట్టుకుని వచ్చింది. మన అందరి చేతుల్లోకీ ఇది వచ్చేదాకా చీటీ రాసే పని మనదే.

చీటీ ఎలా రాయాలి

నేను పాటిస్తున్న పద్ధతి ఇది. పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు.

మొదట, రెండు ఫోల్డర్లు చేయండి. ఒకటి "మూలం", ఇంకోటి "పని". చేతికొచ్చిన ఫైలు ఉన్నదున్నట్టు మూలంలోకి వెళ్తుంది. దాన్ని ఇక ముట్టుకోకూడదు. కత్తిరించడం, రంగులద్దడం, దిద్దడం అన్నీ "పని"లో పెట్టిన కాపీ మీదే. పచ్చళ్ల జాడీలోంచి గిన్నెలోకి తీసుకుని వాడతాం తప్ప జాడీలో అన్నం కలపం కదా.

తర్వాత, పేరు తేదీతో మొదలుపెట్టండి. ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు. అలా పెడితే ఫైళ్లు వాటంతట అవే కాలక్రమంలో నిలబడతాయి. దిద్దుతూ పోయే ఫైలు అయితే చివర 01, 02 అని అంకె వేయండి. "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఇదే ఫైనల్" అని పెట్టుకున్నవాళ్లెవరికీ ఏది ఫైనలో తెలియదు.

ఇక అసలు పని. ప్రతి ఫోల్డర్లో "చరిత్ర" అనే మామూలు టెక్స్ట్ ఫైలు ఒకటి పెట్టండి. అందులో ఐదు ప్రశ్నలకి జవాబులు రాయండి. ఇందులో ఏముంది? ఎప్పుడు, ఎక్కడ పుట్టింది? నాకు ఎవరి దగ్గర్నుంచి, ఏ దారిలో వచ్చింది? నేను ఏం మార్చాను? ఇది తెరవడానికి ఏం కావాలి?

ఐదో ప్రశ్న తెలుగువాళ్లకి మరీ ముఖ్యం. యూనికోడ్ ఇంటింటికీ రాకముందు డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో పేజీమేకర్లో కొట్టించిన పుస్తకాలు ఎన్నో ఉన్నాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అవి తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు వస్తాయి. ఫైలు చెడిపోయిందనుకుని చెరిపేసినవాళ్లున్నారు. "అను ఫాంటు, పేజీమేకర్" అని రెండు ముక్కలు పక్కన రాసి ఉంటే ఆ పుస్తకం బతికేది.

మా ఫొటో చరిత్ర ఫైలులో ఇలా రాశాను:

"ఊళ్లో ఇంటి వసారా. కుర్చీలో తాతయ్య, పక్కన నాన్నమ్మ, స్తంభం దగ్గర నాన్న, వెనక పెద్దత్త, ఆవిడ చంకలో చిన్నత్త. సుమారు 1975. ఆధారం: పెద్దత్త చెప్పిన వసారా గుర్తు, చిన్నత్త జాతకం. పెదనాన్న 1970 అంటారు. అసలు ఫొటో విజయవాడలో చిన్నతాతయ్య ఇంట్లో ఉండేది, ఇప్పుడు లేదు. 2009లో స్కాన్, ముందు వైపు మాత్రమే. వెనక నీలం సిరాతో రాత ఉండేది, ఎవరూ చదవలేదు. తమ్ముడి మెయిల్ నుంచి తీసుకున్నాను. ఏమీ మార్చలేదు. రంగుల కాపీ ఏఐ యాప్‌లో చేసింది, చీర రంగు నమ్మొద్దు."

రాయడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఇందులో ఒక్క సంగతి గమనించండి. తెలిసింది తెలిసినట్టు, ఊహని ఊహలా, విన్నది ఎవరి నోట విన్నామో వారి పేరుతో రాశాను. పెదనాన్న మాటనీ కొట్టేయలేదు. రేపు ఎవరికైనా కొత్త ఆధారం దొరికితే మా లెక్కని మళ్లీ సరిచూసుకునే వీలు ఉండాలి. "సుమారు" అని రాయడానికి సిగ్గుపడకండి. సుమారు అని రాసిన చీటీ ముప్పై ఏళ్లు నిలుస్తుంది. ధీమాగా వేసిన తప్పుడు తేదీ మొదటి ప్రశ్నకే కూలిపోతుంది.

చీటీ తీసేయాల్సిన చోటు

చరిత్ర ఇంట్లో ఉండాలి, వీధిలో కాదు. యాంటీవైరస్ కంపెనీ పెట్టిన జాన్ మెకాఫీ 2012 డిసెంబరులో బెలీజ్ పోలీసులకి దొరక్కుండా తిరుగుతుండగా, ఆయనతో దిగిన ఫొటోని ఒక పత్రిక తన సైట్లో పెట్టింది. ఫొటోలోని ఎగ్జిఫ్ చీటీ తీసేయడం మర్చిపోయారు. ఆయన గ్వాటెమాలాలో ఉన్నాడని లోకానికి తెలిసిపోయింది. మన పిల్లల ఫొటోలోనూ మన ఇంటి అక్షాంశ రేఖాంశాలు ఉండొచ్చు. అమ్మకానికి పెట్టే వస్తువు ఫొటో అయినా, అందరూ చూసే చోట పెట్టే ఫొటో అయినా, షేర్ చేసేటప్పుడు లొకేషన్ తీసేయండి. మూలం ఫోల్డర్లో మాత్రం ఉండనివ్వండి.

ఈ ఆదివారం చేయాల్సింది

వేల ఫొటోలు చూసి బెదిరిపోకండి. అన్నిటికీ రాయక్కర్లేదు. పోతే బాధపడే ఫైళ్లు పది ఎంచుకోండి. పెళ్లి ఫొటో, అమ్మ గొంతు రికార్డింగు, ఇంటి దస్తావేజు స్కాన్, ఏదైనా సరే. వాటిని మూలం ఫోల్డర్లో పెట్టండి. వేలిముద్రలు తీసి చరిత్ర ఫైలులో రాయండి. ఐదు ప్రశ్నలకీ జవాబులు రాయండి. జవాబు తెలియని ప్రశ్న దగ్గర ఆగి, తెలిసిన పెద్దవాళ్లకి అదే రోజు ఫోన్ చేయండి. వచ్చే పండక్కి అడుగుదాంలే అనుకోవద్దు. కాగితం ఫొటోలు ఇంకా ఉంటే రెండు వైపులా స్కాన్ చేయండి. వెనకాల తెల్లగా ఉన్నా చేయండి. ఖాళీ అని తెలియడం కూడా తెలియడమే.

షష్టిపూర్తికి ఆల్బం సిద్ధమైంది. ప్రతి ఫొటో వెనక పేజీలో దాని చీటీని అచ్చు వేయించాం. భోజనాలయ్యాక నాన్న కుర్చీలో కూర్చుని ఒక్కో పేజీ తిప్పారు. వసారా ఫొటో దగ్గర ఆగారు. వెనక పేజీ చదివారు. జేబులోంచి పెన్ను తీసి, చీటీ కింద రెండు వాక్యాలు రాసి, ఏమీ మాట్లాడకుండా ఆల్బం నా చేతికిచ్చారు.

"స్తంభానికి ఆనుకున్నది ఠీవి కోసం కాదు. కాల్లో తుమ్మముల్లు ఉంది."

నీలం సిరా. ఆ సాయంత్రమే ఆ పేజీ రెండు వైపులా స్కాన్ చేశాను.